చెల్లుకు చెల్లు: అడగని సొమ్ము, మరచిన బకాయి

పాత కంపెనీ నుంచి రావలసిన ఆఖరి జీతం చెక్కు, వెనక్కి తీసుకోని కరెంటు డిపాజిట్, మరచిపోయిన బ్యాంకు ఖాతా, బీమా సొమ్ము వంటివాటి కోసం హక్కుదారు కొన్నేళ్లపాటు రాకపోతే, ఆయా సంస్థలు వాటిని తమ దగ్గర అట్టే పెట్టుకోకుండా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలి. అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఈ చట్టం ఉంది. ఆ సొమ్మునే అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ అంటారు. దానిని వెతుక్కునే పద్ధతిని ఈ శీర్షికలో ఏడాది కిందట వివరించాం. అది చదివి దరఖాస్తు పెట్టుకున్నవారిలో కొందరికి సొమ్ము పూర్తిగా చేతికి రాలేదు. సిటీకో కౌంటీకో ఉన్న పాత బకాయి కింద రాష్ట్రం అందులో కొంత పట్టుకుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే కాబట్టి, ఈ సంచిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ఇక్కడ ఇచ్చేది సాధారణ సమాచారం మాత్రమే. పెద్ద మొత్తాలు చిక్కుకున్నచోట న్యాయవాదిని సంప్రదించడం తప్పనిసరి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట శాక్రమెంటోలో ఉద్యోగం మానేసి సన్నీవేల్‌కు వచ్చాను. పాత కంపెనీ నుంచి నాకు రావలసిన 638 డాలర్లు రాష్ట్ర లెక్కల అధికారి అయిన కాలిఫోర్నియా స్టేట్ కంట్రోలర్ దగ్గర ఉన్నాయని మీ వ్యాసం చదివాక వెతికితే తెలిసింది. దరఖాస్తు పెడితే 257 డాలర్లే వచ్చాయి. మిగతా 381 డాలర్లను ఒక సిటీకి నేను కట్టవలసిన పార్కింగ్ జరిమానాల కింద జమ చేశామని ఉత్తరం వచ్చింది. ఆ టికెట్లు పడిన తేదీలు చూస్తే, అప్పటికి రెండు నెలల ముందే ఆ కారును అమ్మేశాను. నాకు ఒక్క నోటీసు కూడా అందలేదు. అడగకుండా నా డబ్బు తీసుకోవడం చట్టబద్ధమేనా? కంట్రోలర్ మీద ఎవరికి ఫిర్యాదు చేయాలండీ?
(ఒక పాఠకురాలు, సన్నీవేల్, కాలిఫోర్నియా)

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. రాష్ట్రానికి అలా పట్టుకునే అధికారం ఉందా అన్నది ఒకటి, ఆ బకాయి అసలు మీదేనా అన్నది రెండోది. మొదటి దానికి జవాబు సూటిగా చెప్పవచ్చు: ఉంది. కాలిఫోర్నియా గవర్నమెంట్ కోడ్‌లోని 12419.8వ సెక్షన్, దాని వెంట వచ్చే 12419.10వ సెక్షన్ ప్రకారం, సిటీలకూ కౌంటీలకూ రావలసిన జరిమానాలు, పార్కింగ్ పెనాల్టీలు వంటి బకాయిలను రాష్ట్రం ఒక వ్యక్తికి చెల్లించవలసిన సొమ్ములోంచి మినహాయించి ఆ స్థానిక సంస్థకు పంపవచ్చు. అలా మినహాయించదగిన సొమ్ములు మూడు రకాలు: రాష్ట్ర ఆదాయపు పన్ను రీఫండు, కాలిఫోర్నియా లాటరీలో గెలిచిన డబ్బు, అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ దరఖాస్తు మీద నగదుగా ఇచ్చే చెల్లింపు. ఈ ఏర్పాటును రాష్ట్ర ఆదాయపు పన్ను చూసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు 'ఇంటర్‌ఏజెన్సీ ఇంటర్‌సెప్ట్ కలెక్షన్' అనే పేరుతో నడుపుతుంది; ఇంటర్‌సెప్ట్ అంటే మధ్యలోనే పట్టుకోవడం. ఉన్న సొమ్ము అందరికీ చాలనప్పుడు ముందు రాష్ట్ర శాఖల బాకీ తీరుతుంది, మిగిలినదే స్థానిక సంస్థలకు దక్కుతుంది. మీ విషయంలో సిటీ బాకీ తీరి ఇంకా 257 డాలర్లు మీ చేతికి వచ్చాయంటే, ఇంటర్‌సెప్ట్ కోసం పంపిన బకాయిల జాబితాలో మీ పేరు మీద ఇంకేమీ లేదనే అనుకోవచ్చు.

ఇక రెండో సమస్య. ఇంటర్‌సెప్ట్ జాబితాకు పేరు పంపేముందు బకాయిదారుకు నోటీసు ఇచ్చి, అభ్యంతరం చెప్పుకోవడానికి 30 రోజులు ఆగవలసిన బాధ్యత బకాయి కోరే సంస్థది. సిటీ ఆ నోటీసు పంపే ఉంటుంది. ఎక్కడికి పంపిందన్నదే అసలు సంగతి. పార్కింగ్ టికెట్‌కు సంబంధించిన ఉత్తరాలన్నీ మోటారు వాహనాల శాఖ, అంటే డీఎంవీ, రికార్డుల్లో కారు ఎవరి పేరున ఉందో వారి చిరునామాకు వెళ్తాయి. మీ పాత కంపెనీ పంపిన చెక్కు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లి మీరు లేక తిరిగిపోయిందో, సిటీ నోటీసులు కూడా బహుశా అదే అపార్ట్‌మెంటు డబ్బాలో పడ్డాయి. పోస్టాఫీసులో చిరునామా మార్పు రాయించుకున్నా ఆ ఫార్వర్డింగ్ మామూలుగా 12 నెలలే పనిచేస్తుంది. ఈ ఏర్పాటులో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. ఒక మనిషి సొమ్ము ఎవరూ అడగనిదిగా రాష్ట్రానికి చేరడానికి చాలా సందర్భాల్లో కారణం పాత చిరునామా. ఆ మనిషికి బకాయి నోటీసు అందకపోవడానికి కారణమూ ఆ పాత చిరునామాయే. అంటే, మిగతా రకాల వసూళ్లతో పోలిస్తే ఈ వసూలులో నోటీసు చేరని మనుషులే ఎక్కువగా తగులుతారు. సిటీలు దీనిని సులువైన రాబడిగా చూడడం సహజమే కానీ, దరఖాస్తుదారు తన కొత్త చిరునామాను కంట్రోలర్‌కు స్వయంగా రాసి ఇచ్చిన తరువాత, సొమ్ము పట్టుకునేముందు ఆ కొత్త చిరునామాకు మరొక్క ఉత్తరం రాయడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు.

కంట్రోలర్ మీద ఫిర్యాదు వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఆ కార్యాలయం గానీ ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు గానీ బకాయి నిజమా కాదా అన్నది విచారించవు. ఆ తగవు సిటీతోనే తేల్చుకోవాలి. మీకు వచ్చిన ఉత్తరంలో బకాయి కోరిన సంస్థ పేరు, ఫోను నంబరు ఉంటాయి. ఆ సంస్థను ముందుగా ప్రతి టికెట్ నంబరు, తేదీ, బండి నంబరు ప్లేటు, అసలు జరిమానా ఎంత, ఆలస్య రుసుము ఎంత, నోటీసులు ఏ తేదీన ఏ చిరునామాకు పంపారు అన్న వివరాలు రాతపూర్వకంగా అడగండి. ఫోనులో అడిగి ఊరుకోవద్దు.

తరువాత మీ చేతిలో ఉండవలసినవి కారు అమ్మకపు కాగితాలు. కాలిఫోర్నియాలో బండి అమ్మినవారు 5 రోజుల్లోగా డీఎంవీకి 'రిలీజ్ ఆఫ్ లయబిలిటీ', అంటే బండి అమ్మేశాను, ఇక బాధ్యత నాది కాదని తెలిపే పత్రం, పంపాలి. చాలామంది కొనుగోలుదారు తన పేరుకు మార్చుకుంటాడులే అని అది పంపరు. అతను మార్చుకోకుండా ఆరు నెలలు తిరిగితే, ఆ ఆరు నెలల టికెట్లూ పాత యజమాని పేరునే పడతాయి. మీరు ఆ పత్రం పంపి ఉంటే ఆ నకలు, పంపకపోతే అమ్మకపు రసీదు, డబ్బు బ్యాంకులో జమ అయిన రోజు స్టేట్‌మెంటు, బీమా రద్దు చేసిన తేదీ చూపే కాగితం జతపరచండి. పార్కింగ్ టికెట్ మీద మొదటి సమీక్షకు చట్టం ఇచ్చే గడువు టికెట్ పడిన రోజు నుంచి 21 రోజులు, లేదా కట్టే గడువు మీరిందని తెలిపే నోటీసు పంపిన తేదీ నుంచి 14 రోజులు. ఆ గడువు దాటిపోయింది కాబట్టి సమీక్ష మీ హక్కు అని వాదించలేకపోవచ్చు. అయినా టికెట్ తేదీకి ముందే బండి చేతులు మారిందన్న ఆధారం ముందుంటే, ఆ బకాయిని కొన్నవారి మీదికి మార్చి మీ సొమ్ము తిరిగి ఇవ్వమని అడగడానికి బలమైన కారణం ఉన్నట్లే. సిటీ ససేమిరా అంటే చిన్న మొత్తాల తగవులు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది కానీ, సిటీ మీద డబ్బు కోసం వెళ్లేముందు దానికి లిఖితపూర్వకమైన క్లెయిమ్ ఇవ్వవలసిన నియమమూ, దానికో గడువూ ఉన్నాయి. 381 డాలర్ల కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీరు నిర్ణయించుకోవలసినదే; ఉత్తరం రాయడం మాత్రం మానవద్దు.

ప్రశ్న: మా ఇంటి ఆస్తిపన్ను రెండో వాయిదా కట్టడానికి ఈసారి చేతిలో డబ్బు లేదు. కంట్రోలర్ దగ్గర నా పేరున దాదాపు 3,000 డాలర్లు ఉన్నాయి. ఎలాగూ బకాయి పడితే వాళ్లే పట్టుకుంటారు కదా, ఆ డబ్బును నేరుగా కౌంటీకే పంపమని దరఖాస్తులో రాయవచ్చా? అప్పటిదాకా కట్టకుండా ఆగితే నష్టం ఉందా?
(ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: ఆగవద్దు. ఇంటర్‌సెప్ట్ అనేది ప్రభుత్వం చేసుకునే వసూలు, మీరు కోరుకునే చెల్లింపు పద్ధతి కాదు. పైగా లెక్క మీకు అనుకూలంగా లేదు. రెండో వాయిదా ఏప్రిల్ 10 దాటితే 10 శాతం పెనాల్టీ పడుతుంది. జూన్ 30 దాటితే పన్ను కట్టని ఆస్తుల జాబితాలో చేరి, అక్కడి నుంచి నెలకు 1.5 శాతం చొప్పున పెరుగుతుంది. కంట్రోలర్‌కు మాత్రం మీ దరఖాస్తు మీద నిర్ణయం చెప్పడానికి చట్టం 180 రోజుల వరకు సమయం ఇస్తుంది. చిన్న, సూటి దరఖాస్తులు త్వరగా తేలే మాట నిజమే కానీ, ఆ వేగం మీద ఆధారపడి పన్ను ఆపుకోవడం తెలివైన పని కాదు. 2,800 డాలర్ల వాయిదా అనుకుంటే, ఏప్రిల్ 10 సాయంత్రం దాటగానే 280 డాలర్లు పోయినట్లే.

ఇంకొక సంగతి. ఇంటి మీద ఉండే ఆస్తిపన్నుకు ఆ ఇల్లే హామీ. అయిదేళ్లు కట్టకపోతే కౌంటీ దానిని అమ్మవచ్చు. కాబట్టి ఇలాంటి పన్ను కోసం కౌంటీలు మీ అన్‌క్లెయిమ్డ్ సొమ్ము వెంట పడకపోవచ్చు. ఇలా సొమ్ము పట్టుకోవడం ఎక్కువగా వర్తించేది జరిమానాలకూ, వ్యాపార సామగ్రి మీద వేసే అన్‌సెక్యూర్డ్ పన్నుకూ, అలాగే వెనక హామీ ఏదీ లేని ఇతర బకాయిలకూ. మీ దరఖాస్తును ఈరోజే పెట్టండి, పన్నును ఎక్కడి నుంచైనా సర్దుబాటు చేసి గడువులోగా కట్టండి, సొమ్ము వచ్చాక ఆ సర్దుబాటు తీర్చుకోండి.

ప్రశ్న: మేము ముందు న్యూజెర్సీలో, తరువాత శాక్రమెంటోలో ఉండి ఇప్పుడు డాలస్ దగ్గర స్థిరపడ్డాం. శాక్రమెంటోలో నడిపిన చిన్న వ్యాపారం తాలూకు అన్‌సెక్యూర్డ్ పన్ను కౌంటీకి బాకీ ఉంది. న్యూజెర్సీలోనూ టెక్సస్‌లోనూ నా పేరున కొంత సొమ్ము కనిపిస్తోంది. దరఖాస్తు పెడితే కాలిఫోర్నియా కౌంటీ దాన్ని పట్టుకుంటుందా? నా ఫెడరల్ రీఫండు కూడా పోతుందా?
(ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్)

జవాబు: మీ సొమ్ము రెండు రాష్ట్రాల్లో ఎందుకు చెదిరి ఉందో ముందు చెప్పుకోవాలి. 1965లో టెక్సస్ వర్సెస్ న్యూజెర్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక వరుస ఖరారు చేసింది: సొమ్ము ఉన్న సంస్థ పుస్తకాల్లో హక్కుదారు చివరి చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి మొదటి హక్కు, చిరునామా లేకపోతే ఆ సంస్థ ఏ రాష్ట్రంలో నమోదై ఉందో ఆ రాష్ట్రానికి. అందుకే మనిషి ఊళ్లు మారిన కొద్దీ అతని సొమ్ము కూడా రాష్ట్రాలవారీగా విడిపోతుంది.

కాలిఫోర్నియా చట్టం కాలిఫోర్నియా రాష్ట్రం చెల్లించవలసిన సొమ్ము మీదనే పనిచేస్తుంది. న్యూజెర్సీ, టెక్సస్ ఖజానాల్లో ఉన్న మీ డబ్బు మీద శాక్రమెంటో కౌంటీకి ఈ దారిలో చెయ్యి వేసే వీలు లేదు. ఆ రెండు రాష్ట్రాలకు మీరు విడిగా ఏమైనా బాకీ ఉంటే అది వేరే మాట. ఇక ఫెడరల్ రీఫండు విషయం: ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ కింద పిల్లల పోషణ బకాయిలు, ఫెడరల్ శాఖలకు ఉన్న బాకీలు, రాష్ట్ర ఆదాయపు పన్ను బకాయిలు పట్టుకుంటారు. మీ అన్‌సెక్యూర్డ్ పన్ను వంటి కౌంటీల ఆస్తిపన్నులు ఆ జాబితాలో లేవు.

అంతమాత్రాన ఆ బాకీని వదిలేయవద్దు. అన్‌సెక్యూర్డ్ పన్ను ఆగస్టు 31 దాటితే 10 శాతం పెనాల్టీ, అక్టోబరు 31 దాటినప్పటి నుంచి నెలకు 1.5 శాతం అదనం. కౌంటీ మీ పేరు మీద లీన్ సర్టిఫికెట్ (బాకీ తీరేదాకా ఆస్తిపై తనకు హక్కు ఉందని చూపే పత్రం) నమోదు చేయించవచ్చు. దానితో రేపు కాలిఫోర్నియాలో ఏ స్థిరాస్తి కొన్నా చిక్కే. పదే పదే ఊళ్లు మారిన కుటుంబాలు 'మిస్సింగ్‌మనీ డాట్ కామ్' అనే ఉచిత సైటులో అనేక రాష్ట్రాల రికార్డులను ఒకేచోట వెతకవచ్చు. కాలిఫోర్నియా వరకు స్టేట్ కంట్రోలర్ సొంత సైటునే చూడడం మేలు.

ప్రశ్న: నాన్నగారు నిరుడు పోయారు. ఆయన పేరున కాలిఫోర్నియాలో 1,900 డాలర్లు ఉన్నాయి. వారసులం నేనూ మా చెల్లెలూ. నాకు మాత్రం కౌంటీకి పాత బాకీ ఒకటి ఉంది. నేను దరఖాస్తు పెడితే నాన్నగారి సొమ్ము నా బాకీకి పోతుందా? మా చెల్లెలి భాగం కూడా పోతుందేమోనని భయంగా ఉంది.
(ఒక పాఠకుడు, శాన్‌రమోన్, కాలిఫోర్నియా)

జవాబు: చెల్లుకు చెల్లు వేసుకోవడంలో మూలసూత్రం ఏమిటంటే, బాకీ ఉన్నవారూ సొమ్ము అందుకోవలసినవారూ ఒకరే అయి ఉండాలి. నాన్నగారు బతికి ఉండగా మీ బాకీకి ఆయన సొమ్ముతో సంబంధం లేదు. ఇప్పుడు వారసునిగా మీ భాగం మీ పేరున, మీ సోషల్ సెక్యూరిటీ నంబరు మీద చెల్లింపుగా వస్తుంది కనుక, ఆ భాగం వరకు మీ బాకీ ఎదురు రావచ్చునని అనుకునే ముందుకు వెళ్లండి. మీ చెల్లెలి భాగం ఆమెది; దానికి మీ బాకీతో సంబంధం లేదు. అందుచేత మొత్తం సొమ్మును మీ ఒక్కరి పేరున తెప్పించుకుని తరువాత పంచుకుందామనే ఆలోచన మానండి. ఇద్దరూ వారసులుగా పేర్లు, భాగాలు స్పష్టంగా చూపి దరఖాస్తు పెట్టండి. అన్నాచెల్లెళ్ల మధ్య మాట రాకుండా ఉండడానికి కూడా అదే మంచిది.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఇంకొకటి ఉంది. చిన్న ఎస్టేట్లకు, అంటే చనిపోయినవారు విడిచిన ఆస్తి కొద్దిదైతే, కోర్టుకు వెళ్లకుండా ప్రొబేట్ కోడ్ 13100వ సెక్షన్ కింద ప్రమాణపత్రంతో సొమ్ము తీసుకోవచ్చు. మరణించి 40 రోజులు గడిచి ఉండాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి సంభవించిన మరణాలకు ఎస్టేటు పరిమితి 208,850 డాలర్లు, అంతకుముందువాటికి పరిమితి తక్కువ. అయితే ఈ దారిలో సొమ్ము తీసుకున్న వారసులు, చనిపోయినవారి హామీ లేని అప్పులకు తాము తీసుకున్నంత మేరకు జవాబుదారులవుతారు. నాన్నగారికి ఏదైనా సిటీకి గానీ కౌంటీకి గానీ బాకీ ఉందేమో, దరఖాస్తుకు ముందే ఆయన పాత ఉత్తరాలు చూసుకోండి.

ప్రశ్న: మీ పేరున సొమ్ము ఉంది, 30 శాతం ఇస్తే తెచ్చి పెడతాం, మీకు ఉన్న సిటీ బకాయి కూడా 'క్లియర్' చేయిస్తాం అని ఒక కంపెనీ ఉత్తరం పంపింది. సంతకం పెట్టవచ్చా?
(ఒక పాఠకురాలు, అర్వైన్, కాలిఫోర్నియా)

జవాబు: పెట్టవద్దు. వెతకడం ఉచితం, దరఖాస్తు ఉచితం. కాలిఫోర్నియాలో ఇలాంటి వెతుకులాటకు తీసుకోదగిన రుసుము 10 శాతానికి మించకూడదని చట్టమే చెబుతోంది. బకాయి రద్దు చేసే అధికారం ఆ సిటీకి తప్ప మరెవరికీ లేదు.

ప్రశ్న: మాది నేపర్‌విల్. ఇల్లినాయిస్‌లో మనం దరఖాస్తు పెట్టకపోయినా మన సొమ్మును ప్రభుత్వమే తీసి బకాయిలకు జమ చేసుకుంటుందని స్నేహితుడు చెప్పాడు. నిజమేనా? అలాగైతే ఏమీ అడగకుండా ఊరుకోవడమే మంచిదా?
(ఒక పాఠకుడు, ఇల్లినాయిస్)

జవాబు: మీ స్నేహితుడి మాటకు ఆధారం ఉంది. రాష్ట్రాల చట్టాలు ఒకే తీరున ఉండేందుకు ముసాయిదాలు తయారుచేసే యూనిఫామ్ లా కమిషన్ 2016లో అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ నమూనా చట్టాన్ని సవరించింది. అందులో మూడు రకాల బాకీలను హక్కుదారు సొమ్ములోంచి ముందుగా తీర్చాలని ఉంది: పిల్లల పోషణ బకాయిలు, కోర్టు తీర్పు లేదా ప్రభుత్వ శాఖ తుది ఉత్తర్వు వల్ల ఏర్పడిన జరిమానాలు, కోర్టు ఖర్చులు, పరిహారాలు, గడువు మీరిన రాష్ట్ర పన్నులు. ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా, జాబితాలో ఉన్న హక్కుదారులకు ఇలాంటి బాకీలు ఉన్నాయేమో రాష్ట్ర శాఖలనూ స్థానిక సంస్థలనూ అప్పుడప్పుడు వాకబు చేసే అధికారం, దొరికితే జమచేసి హక్కుదారుకు తెలియజేసే బాధ్యత కూడా అందులో ఉన్నాయి. ఇల్లినాయిస్, యూటా, టెన్నెసీ, కెంటకీ, కొలరాడో వంటి రాష్ట్రాలు ఈ నమూనాను తమ తమ మార్పులతో స్వీకరించాయి. ఆ మార్పుల వల్ల మీ రాష్ట్రంలో సరిగ్గా ఏ బాకీలు వస్తాయన్నది అక్కడి చట్టంలోనే చూడాలి. కాలిఫోర్నియా చట్టం మాటల్లో మాత్రం, బాకీ కింద పట్టుకోవడం వర్తించేది దరఖాస్తు మీద ఇచ్చే చెల్లింపుకే.

ఈ వాకబు నిబంధన మీద నాకు సదభిప్రాయం లేదు. దరఖాస్తు పెట్టిన మనిషికి కనీసం తన సొమ్ము ఎంతో తెలుసు, మినహాయించగానే ప్రశ్నిస్తాడు. ఏమీ తెలియని మనిషి సొమ్ము జమ అయిపోయి, ఆ కబురు మళ్లీ పాత చిరునామాకే వెళ్తే, తప్పుడు బకాయిని ప్రశ్నించేవారే ఉండరు.

అలాగని ఊరుకోవడం వల్ల మీకు లాభం లేదు. మీ రాష్ట్రంలో కంట్రోలర్ నడిపే 'లోకల్ డెట్ రికవరీ ప్రోగ్రామ్' అనే మరో ఏర్పాటు ఉంది. పన్ను రీఫండ్ల వంటి రాష్ట్ర చెల్లింపులలోంచి స్థానిక సంస్థల బకాయిలను అది పట్టుకుంటుంది. నోటీసు వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు ఇస్తారు. ఆ గడువు ఉపయోగపడాలంటే నోటీసు మీకు అందాలి. కాబట్టి దరఖాస్తు పెట్టండి, పెట్టకముందే మీరు కాపురమున్న ప్రతి ఊరి సిటీ కార్యాలయంలోనూ మీ పాత బండ్ల నంబరు ప్లేట్ల మీద టికెట్లేమైనా మిగిలాయేమో ఆన్‌లైన్‌లో చూసుకోండి.

ప్రశ్న: మా సిటీ నీటి శాఖ అయిదేళ్ల కిందట నాకు 212 డాలర్ల డిపాజిట్ చెక్కు పంపిందట, అది నాకు అందలేదు. స్టేట్ కంట్రోలర్ సైటులో వెతికితే కనిపించడం లేదు. ఎక్కడికి పోయింది?
(ఒక పాఠకురాలు, ఫ్రెస్నో, కాలిఫోర్నియా)

జవాబు: సిటీ దగ్గరే ఉండిపోయి ఉంటుంది. ప్రైవేటు సంస్థలు మీ సొమ్మును రాష్ట్రానికి అప్పగించాలి, అక్కడ మీరు ఎన్నేళ్ల తరువాతనైనా అడగవచ్చు. స్థానిక సంస్థల చేతుల్లో ఉన్న సొమ్ముకు నియమం వేరు. గవర్నమెంట్ కోడ్ 50050వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు ఎవరూ అడగని సొమ్మును, స్థానిక పత్రికలో వారానికొకసారి చొప్పున రెండు వారాలు ప్రకటన వేసి, 45 నుంచి 60 రోజులలోపు ఉండే ఒక తేదీని గడువుగా పెట్టి, ఆలోగా ఎవరూ రాకపోతే ఆ సంస్థ తన సొంతం చేసుకోవచ్చు. అయిదేళ్లు గడిచాయి కనుక మీ 212 డాలర్లకు ఆ గడువు దాటిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అయినా ఫైనాన్స్ శాఖకు రాసి, ప్రకటన ఏ తేదీన ఏ పత్రికలో వేశారో అడగండి. ప్రకటన వేయకపోయి ఉంటే మీ సొమ్ము ఇంకా మీదే. కొన్ని సిటీలు తమ దగ్గర నగదుగా మార్చుకోని చెక్కుల జాబితాను వెబ్‌సైటులో ఒక మూలన పెడతాయి, అదీ చూడండి. సిటీకి మనం కట్టవలసిన పార్కింగ్ జరిమానా రాష్ట్ర ఖజానా దాకా మన వెంట వస్తుంది, సిటీ మనకు ఇవ్వవలసినది మాత్రం చిన్న అక్షరాల పత్రికా ప్రకటనతో సిటీదే అయిపోతుంది. ఈ తేడాకు సమర్థన ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రశ్న: మా పెదనాన్నగారి ఇల్లు ఆస్తిపన్ను బకాయికి కౌంటీ వేలంలో పోయింది. బకాయి కన్నా చాలా ఎక్కువ ధర పలికిందని విన్నాం. మిగిలిన సొమ్ము ఎవరిది? అది కూడా అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీలోకి వెళ్తుందా?
(ఒక పాఠకుడు, స్టాక్టన్, కాలిఫోర్నియా)

జవాబు: మిగిలినది మీ పెదనాన్నగారిది, లేదా ఇంటి మీద నమోదైన అప్పులవాళ్లుంటే ముందు వారిది. కౌంటీ తన బాకీకి మించి ఉంచుకోకూడదన్నది 2023 మే 25న సుప్రీంకోర్టు టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ కేసులో ఏకగ్రీవంగా తేల్చింది. మిన్నెసోటాలో ఒక వృద్ధురాలి కాండో (సొంత ఫ్లాటు) తాలూకు పన్ను దాదాపు 2,300 డాలర్లు. పెనాల్టీలు, వడ్డీ, ఖర్చులు కలిసి అది 15,000 అయింది. కౌంటీ ఆ కాండోను 40,000 డాలర్లకు అమ్మి, మిగిలిన 25,000 కూడా తనే ఉంచుకుంది. కౌంటీ అలా ఉంచుకోవడం పరిహారం ఇవ్వకుండా ఆస్తిని తీసుకోవడమే అవుతుందన్నది ఆ తీర్పు సారాంశం.

కాలిఫోర్నియాలో ఆ మిగులును అడిగే హక్కు ఆ తీర్పుకు ముందు నుంచే ఉంది. కానీ గడువు గట్టిది. కొన్నవారి పేరున టాక్స్ డీడ్ (వేలంలో కొన్న ఇంటి హక్కు పత్రం) నమోదైన తేదీ నుంచి ఏడాదిలోగా కౌంటీకి దరఖాస్తు అందాలి. ఆ ఏడాది దాటితే మిగులు కౌంటీ జనరల్ ఫండ్‌లో కలిసిపోవచ్చు. ఇది స్టేట్ కంట్రోలర్ దగ్గర గడువు లేకుండా ఉండే సొమ్ము లాంటిది కాదు, ఆ సైటులో వెతుకుతూ కాలం గడపవద్దు. రేపే కౌంటీ రికార్డర్ కార్యాలయంలో డీడ్ నమోదు తేదీ కనుక్కోండి, టాక్స్ కలెక్టర్ దగ్గర 'ఎక్సెస్ ప్రొసీడ్స్' దరఖాస్తు ఫారం తీసుకోండి. పెదనాన్నగారు వేరే చోట ఉంటున్నట్లయితే కౌంటీ పంపిన నోటీసు ఆ అమ్ముడైన ఇంటికే వెళ్లి ఉండవచ్చు. అందుచేత ఫారంలో ఆయన ఇప్పుడు ఉంటున్న చిరునామాను రాసి, అది కౌంటీకి అందినట్లు రసీదు తీసుకోండి.